ఇష్టాన్ని తీసివేతతో కొలిచే కాగితం

కోవిల్‌పట్టిలో ప్లస్ టూ పిల్లలకు ఆసక్తుల ప్రశ్నావళి పంచితే ఒక కుర్రాడు లేచి అడిగాడు: "సార్, ఇంజనీరు కావడం ఇష్టమని నేనే రాస్తున్నా కదా, మళ్లీ దీనికి లెక్కలెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. ఆ కాగితంలో ఒక యంత్రం దాగుంది, దాన్ని విప్పితేగానీ జవాబు దొరకదు.

1927లో స్టాన్‌ఫర్డ్‌లో ఇ.కె. స్ట్రాంగ్ తయారుచేసిన ఫారంలో ఉద్యోగాలు, పాఠాలు, వినోదాలు, మనుషుల తీరులు అన్నీ కలిపి నాలుగువందలకు పైగా అంశాలున్నాయి. ఒక్కోదానికి ఇష్టమో, అయిష్టమో, ఏదైనా ఒకటేనో చెప్పాలి. ఏ జవాబు ఇంజనీరుకు తగినదో స్ట్రాంగ్ తన బుర్రతో తేల్చలేదు. పనిలో కుదురుకున్న ఇంజనీర్ల చేత ఫారం నింపించాడు, మామూలు జనం చేతా నింపించాడు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాడు. తోటపని ఇంజనీర్లలో నూటికి 60 మందికి, జనంలోనూ 60 మందికి నచ్చిందనుకోండి. ఆ అంశం విలువ సున్నా. ఉపన్యాసమివ్వడం ఇంజనీర్లలో 20 మందికి, జనంలో 45 మందికి నచ్చిందనుకోండి. ఇక దానికి 'ఇష్టం' అన్న పిల్లవాడికి ఇంజనీరు లెక్కలో కోత పడుతుంది. ఒక దశలో ఈ బరువులు +4 నుంచి −4 దాకా ఉండేవి. 'ఇంజనీరంటే ఇష్టం' అన్న మాట వందల అంశాల్లో ఒకటి మాత్రమే! నాకు ఈ తీసివేత అందం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

చేత్తో కూడడం నరకం. 1946లో మినియాపొలిస్ ఇంజనీరు ఎల్మర్ హాంకిస్ దానికోసమే ఒక యంత్రం కట్టాడు.

ఇలాంటి ప్రశ్నావళే తయారుచేసిన ఫ్రెడరిక్ క్యూడర్ దారి వేరు. మూడేసి పనులిచ్చి ఎక్కువ నచ్చింది, తక్కువ నచ్చింది ఎంచుకోమన్నాడు. జవాబును గుండుసూదితో పొడవాల్సి ఉండేది. సూది కింది కాగితాల్లోకి దిగేది, వెనక అచ్చేసిన వృత్తాల్లో పడ్డ చిల్లుల్ని పిల్లలే లెక్కపెట్టుకునేవారు. హాయైన పద్ధతే. కానీ ఉన్న పొలాన్నే అన్నదమ్ములు పంచుకున్నట్టు, ఒక ఆసక్తి పెరగాలంటే ఇంకోటి తగ్గాల్సిందే.

కలకత్తా భారత గణాంక సంస్థలో ఎస్. ఛటర్జీ మాటలే లేకుండా గీతల బొమ్మలతో ఇలాంటిదే చేశారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఫారంలో ఇంగ్లీషు ఉండే మా వైపు పిల్లలకు అది వరమే.

స్ట్రాంగ్ ఫారం మగవాళ్లకు నీలం, ఆడవాళ్లకు గులాబీ రంగుల్లో విడివిడిగా ఉండేది. 1974లో డేవిడ్ క్యాంప్‌బెల్ రెంటినీ కలిపి, ఆసక్తుల్ని ఆరు రకాలుగా విడదీసే జాన్ హాలండ్ చట్రంలో కూర్చాడు. తర్వాత సవరణలు వస్తూనే ఉన్నాయి.

'సవరించినది' అని ముద్ర ఉంటే చాలామంది ప్రశ్నల భాష చూసి సంతోషిస్తారు. నేను తీసివేత ఎవరితో జరిగిందో చూస్తాను. విరుదునగర్‌లో పప్పు, నూనె వర్తకుల ఇళ్ల పిల్లలు బేరం వింటూ పెరుగుతారు. అమెరికాలో అమ్మకందారుణ్ణి వేరుచేసే 'బేరమాడడం ఇష్టం' ఇక్కడ సున్నాకు దగ్గరగా పడుతుందని నా అనుమానం. శివకాశి ప్రెస్సు, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల యూనిట్ ప్రశ్నల్లో చేరినంత మాత్రాన ఆ తప్పు పోదు, పోల్చే గుంపు మారాలి.

అందుకే కౌన్సెలర్లకు నా మనవి: ఫారం కొనేముందు మాన్యువల్ తెరిచి, 'మామూలు జనం'గా ఎవర్ని, ఏ దేశంలో, ఏ ఏడాది తీసుకున్నారో చదవండి. అది రాయని ఫారం పిల్లల చేతికివ్వకండి.