గడప ముందు సువార్త: గుంటూరు, ప్రకాశం పల్లెల అనుభవం

మతబోధకులు ఇంటింటికీ తిరిగి తమ విశ్వాసాన్ని వివరించడం గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పల్లెలకు కొత్త కాదు. అయితే అలా వచ్చిన మనిషిని ఇంటివారు వీధిలోనే పలకరించి పంపుతారా, అరుగు మీద కూర్చోబెడతారా, లోపలికి పిలిచి చాప వేస్తారా అన్నది అతడు చెప్పే దేవుడి మీద కంటే రెండు విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అతడు ఎవరి మనిషి అన్నది మొదటిది, కాదని చెప్పి పంపగల స్థితి ఆ ఇంటివారికి ఉన్నదా లేదా అన్నది రెండవది. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి నేలల చరిత్రలో ఈ రెండింటికీ సాక్ష్యాలు దండిగా ఉన్నాయి.

దేవుడి పేరు చెప్పుకొని గడప ముందు నిలబడే మనుషులను ఈ ఊళ్లు తరతరాలుగా ఎరుగును. ధనుర్మాసంలో తెల్లవారుజామున హరిదాసు వస్తాడు, శంఖం ఊదుతూ జంగమ దేవర వస్తాడు, సంక్రాంతికి గంగిరెద్దులవారు వస్తారు. వీరికి దోసెడు బియ్యం పెట్టడం గృహస్థు ధర్మమని, పెట్టకుండా పంపడం అశుభమని పెద్దలు భావించారు. కాని వీరిలో ఎవరూ ఇంటివారిని తమ దేవుణ్ణి మార్చుకోమని అడగరు. దీవెన ఇచ్చి, భిక్ష పుచ్చుకొని పక్కింటికి వెళతారు. పంతొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన క్రైస్తవ బోధకుడు భిక్ష అడగలేదు గాని, అంతకంటే బరువైనదాన్ని, అంటే ఇంటివారి జీవిత విధానంలో మార్పును అడిగాడు. గడప ముందు జరిగే సంభాషణ స్వభావం అక్కడి నుంచే మారింది.

ఆ మార్పు ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఒంగోలు చరిత్రను కాస్త నిదానంగా చూడాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు, 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. అయితే పల్లెల్లో బోధ వ్యాపించడానికి ఆయన కంటే ముఖ్యమైన కారకుడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు. తాళ్లకొండపాడుకు చెందిన పేరయ్య తోలు వ్యాపారం చేసేవాడు. అంతకుముందే రాజయోగాన్ని, అంటే విగ్రహారాధనను పక్కన పెట్టి గురువు ద్వారా ధ్యానాన్ని అభ్యసించే ఒక మార్గాన్ని అనుసరించి, తన చుట్టూ శిష్యులను కూడా ఏర్పరచుకున్నవాడు. వ్యాపారం మీద ఉత్తర దిశగా ఉన్న ఊళ్లకు పోయినప్పుడు క్రైస్తవ బోధ విన్న ఆయన, 1866లో బాప్తిస్మం పొంది, ఆ తరువాత తన కులపువారు ఉన్న ఊరూరా తిరిగాడు. ఆయన భార్య నాగమ్మ స్త్రీల మధ్య బోధించింది. వీరు వెళ్లినవి ముక్కూ మొగం తెలియనివారి ఇళ్లు కావు. బంధువుల ఇళ్లు, వియ్యాలవారి ఇళ్లు, తోళ్లు అమ్మేవారి ఇళ్లు, ఒకప్పుడు ఒకే గురువు దగ్గర కూర్చున్నవారి ఇళ్లు. చెప్పులు కుడుతున్నవారి పక్కనే చాప మీద కూర్చొని, పని సాగుతూ ఉండగానే మాట చెప్పడం వారి పద్ధతి. మాదిగ పెద్దలు చెప్పుకున్న ఈ జ్ఞాపకాలను క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ సేకరించి 1899లో గ్రంథంగా ప్రచురించింది. దాని ఆంగ్ల నామానికి ‘చెప్పులు కుడుతూ ఉండగా’ అని అర్థం.

దొర గుర్రం దిగి వీధిలో ఉపన్యసించడం వల్లనే వేల మంది మతం మారారన్న సాధారణ అభిప్రాయం అందువల్ల సరికాదు. మాట నడిచిన దారి చుట్టరికం. బోధకుడు చుట్టమైనప్పుడు అతణ్ణి కూర్చోబెట్టడం మర్యాద, అతడితో వాదించడం హక్కు, ఒప్పుకోకపోయినా అన్నం పెట్టి పంపడం ఆచారం. ఇంటింటి బోధకు ఈ ప్రాంతంలో దొరికిన ఆదరణకు మూలం ఈ సమానత్వంలో ఉంది.

అయితే ఆ బోధను విన్నందుకు చెల్లించిన మూల్యం కూడా తక్కువ కాదు. సంఘంలో చేరేవారికి క్లౌ ప్రధానంగా మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి ఇవి మతనియమాలు మాత్రమే, కాని ఊరి కట్టుబాటులో ఇవి ఆర్థిక వ్యవస్థనే తాకాయి. ఆదివారం పనికి రానన్న మనిషి రైతుకు వెట్టి ఎగ్గొట్టిన మనిషిగా కనిపించాడు. విగ్రహపూజ మానినవాడు అమ్మవారి జాతరలో డప్పు కొట్టనన్నప్పుడు, ఊరి ఆచారాన్ని ధిక్కరించినవాడుగా కనిపించాడు. కరణాలు, మునసబులు, పెద్ద రైతులు అనేక చోట్ల ఈ కుటుంబాలను పని నుంచి తప్పించారు, దారులు మూశారు, నీళ్లు అందకుండా చేశారు. ఆనాటి ‘మతబోధ పట్ల వ్యతిరేకత’ అన్న మాటను ఇప్పటి పాఠకుడు చదివేటప్పుడు, ఆ వ్యతిరేకతలో దేవుడి పాలు ఎంత, కూలి పాలు ఎంత అని విడదీసి చూడడం అవసరం. ఆ రెండింటిలో కూలి పాలే పెద్దదని ఘటనల క్రమం సూచిస్తుంది.

1876–78 నాటి కరవు ఈ చర్చలోని రెండవ అంశాన్ని, అంటే కాదనగల శక్తిని, మరింత స్పష్టంగా ముందుకు తెచ్చింది. కరవు పనుల కింద తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకొని వేలాది మందికి కూలి కల్పించాడు. పనిని పర్యవేక్షించినవారిలో ఎక్కువ మంది ఆయన బోధకులే కాబట్టి, విరామ సమయాల్లో కూలీలు బోధ కూడా విన్నారు. అన్నం పెట్టే చేయి, బైబిలు పట్టుకున్న చేయి ఒకటే అయినప్పుడు వినేవాడి సమ్మతికి విలువ ఎంత అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఆ ప్రశ్న క్లౌకు తెలియనిది కాదు. అందుకే ఆయన ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపి, కరవు కూలి అవసరం తగ్గిన తరువాత 1878 జూన్‌లో తిరిగి మొదలుపెట్టాడు. అదే ఏడాది జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది, సంవత్సరాంతానికి మొత్తం 9,606 మంది బాప్తిస్మం పొందారు. కూటి కోసం మతం మారారన్న నింద ఆ తరువాత కూడా ఆగలేదు. బాప్తిస్మాన్ని ఆపిన ఆ విరామం మాత్రం, ఆకలితో ఉన్నవాడి ‘సరే’ను సరేగా లెక్కించకూడదన్న గుర్తింపుగా చరిత్రలో నిలిచింది.

గుంటూరులో దారి వేరుగా నడిచింది. 1842 జూలై 31న అక్కడికి చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ పాఠశాలలతో పని మొదలుపెట్టాడు. ఆ తరువాతి తరాల్లో పైకులాల ఇళ్లకు బోధను చేర్చినవారు బైబిలు స్త్రీలు, అంటే మిషను శిక్షణ పొంది ఇళ్లకు వెళ్లి స్త్రీలకు బైబిలు కథలు చెప్పే తెలుగు క్రైస్తవ మహిళలు. ఘోషాలో ఉన్న స్త్రీల దగ్గరకు పురుష బోధకుడు పోలేడు కాబట్టి ఈ పని వారికే సాధ్యమైంది. చదువు, కుట్టుపని నేర్పుతారన్న ఆశతో ఆ ఇళ్లు వారికి తలుపు తెరిచాయి. వైద్యం కోసం మరింత విశాలంగా తెరిచాయి. 1883లో గుంటూరు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి నెలకొల్పేనాటికి, మిషను స్త్రీలను ఇంట్లోకి రానివ్వడం అంతగా ఆక్షేపణీయం కాకుండా పోయింది. అక్షరాన్ని, మందును స్వీకరించి, మతాన్ని మర్యాదగా పక్కన పెట్టగలగడం ఆ కుటుంబాలకు సాధ్యమైంది, ఎందుకంటే వారికి పొలం ఉంది, కులబలం ఉంది, వచ్చిన మనిషిని రేపటి నుంచి రావద్దని చెప్పినా పోయేదేమీ లేదు. అదే బోధ వాడలో ఒక విధంగా, ఊళ్లో మరొక విధంగా వినిపించడానికి కారణం వినేవారి భక్తిలోని తేడా కాదు, స్థితిలోని తేడా.

ఇంటింటి ప్రచారంతో నిమిత్తం లేకుండా పైకులాలవారు క్రైస్తవులైన చోటు కూడా ఈ మైదానంలోనే ఉంది. ఫిరంగిపురం ప్రాంతంలోని రెడ్డి కథోలికుల మూలాలు 18వ శతాబ్దపు జెస్యూట్ గురువుల కాలానికి చెందినవి. సన్యాసుల వేషభాషలతో జీవించిన ఆ గురువులను ఆశ్రయించి కుటుంబాలకు కుటుంబాలు కదిలాయి. అందువల్ల వారి వంశాల్లో మతం ఇంటి వారసత్వంగా వచ్చిందే తప్ప గడప ముందు విన్న మాటగా రాలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ చర్చ పల్లెలను దాటి జాతీయ వేదికలకు చేరింది. వైద్యం, విద్య పేరుతో మతం మార్చడాన్ని గాంధీ తీవ్రంగా ఆక్షేపించగా, తెలుగు నేలపైన దోర్నకల్ బిషప్పుగా ఉన్న వి.ఎస్. అజరయ్య, తన విశ్వాసాన్ని ఎంచుకునే వివేకం దళితుడికి లేదనడం అతణ్ణి తక్కువ చేయడమేనన్న పక్షాన నిలిచాడు. ఇద్దరి ఆందోళనలోనూ నిజం ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తు ఈ విషయాన్ని చర్చించినప్పుడు, మతాన్ని ఆచరించే హక్కుతో పాటు ప్రచారం చేసే హక్కును కూడా చేర్చాలా అన్నదే వివాదాంశమైంది. చేర్చకూడదని లోకనాథ్ మిశ్రా వంటివారు వాదించినా, కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి మొదలైనవారి మద్దతుతో ఆ హక్కు ఇప్పటి 25వ అధికరణంలో నిలిచింది. ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి మాత్రమే ఆ హక్కు చెల్లుతుంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు దీనికి హద్దు గీస్తూ, తన మతసూత్రాలను వివరించడం హక్కే గాని, ఎదుటివాణ్ణి మతం మార్చడం హక్కు కాదని తీర్పు చెప్పింది.

తలుపు తట్టే హక్కు గురించి ఇతర దేశాల న్యాయస్థానాలు మరింత సూటిగా ఆలోచించాయి. ఇళ్లకు వెళ్లి కరపత్రాలు పంచడానికి తలుపు తట్టడాన్నే నిషేధించిన స్ట్రూథర్స్ పట్టణ శాసనాన్ని 1943లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది; ఎవరిని రానివ్వాలో నిర్ణయించవలసింది పట్టణం కాదు, ఆ ఇంటి యజమాని అన్నది దాని సారాంశం. గ్రీసులో ఒక గృహిణి ఇంటికి వెళ్లి బోధించినందుకు శిక్ష పడిన కొక్కినాకిస్ అనే యెహోవా సాక్షి విషయంలో, 1993లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తన విశ్వాసానికి సాక్ష్యం చెప్పడం వేరు, ఎర చూపి గాని, కష్టంలో ఉన్నవారిని ఒత్తిడి చేసి గాని లొంగదీయడం వేరు అని విడదీసింది. కరవునాటి ఒంగోలుకు ఈ విభజన అచ్చంగా సరిపోతుంది.

నేటి పల్లెల్లో ఇంటింటికీ తిరిగేవారిలో పెద్ద మిషనుల ఉద్యోగుల కంటే, చిన్న స్వతంత్ర సంఘాల పాస్టర్లు, వారి వెంట నడిచే విశ్వాసులైన స్త్రీలు ఎక్కువ. పత్తి తీతలు, మిరప కోతలు సాగే నెలల్లో వాడలన్నీ తెల్లవారకముందే పొలాలకు తరలిపోతాయి కాబట్టి, వీరి రాకపోకలు పొద్దుగూకిన తరువాతో ఆదివారమో జరుగుతాయి. ఇంట్లోకి దారి చూపేది చాలా వరకు జబ్బు. బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, మగనికి తాగుడు మానకపోయినా, అప్పు తీరకపోయినా ‘అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుంటే పోయేదేముంది’ అనుకునే గృహిణి, అదే నెలలో కోటప్పకొండ మొక్కు, గుంటూరులోని కాలేమస్తాన్ దర్గా మొక్కు కూడా తీర్చుకుంటుంది. ప్రార్థనను ఒప్పుకోవడం మతాన్ని ఒప్పుకోవడం కాదని ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ తేడా తెలియని బోధకుడే తొందరపడి లెక్కలు వేస్తాడు. ‘కావలికోట’ పత్రిక పట్టుకొని వచ్చే యెహోవా సాక్షులు పట్టణాల్లో ఎక్కువగా కనిపిస్తారు; వారికి తలుపు మూసేవారిలో ఇతర క్రైస్తవులు కూడా ఉండడం గమనార్హం. ముస్లిం వీధుల్లో గష్త్ పేరుతో తిరిగే తబ్లిగీ జమాత్ బృందాలు సాటి ముస్లింలనే నమాజుకు పిలుస్తాయి గనుక ఊళ్లో చర్చకు రావు.

హిందూ సంస్థలు కూడా ఈ దారిలో నడిచాయి. 2007లో తిరుమల తిరుపతి దేవస్థానం ‘దళిత గోవిందం’ పేరుతో స్వామివారి ఉత్సవమూర్తులను దళితవాడలకు తీసుకువెళ్లింది. 2024 జనవరిలో అయోధ్య ప్రాణప్రతిష్ఠకు ముందు దేశమంతటా అక్షింతలు ఇంటింటికీ అందాయి. ‘దళిత గోవిందం’ జరిగిన 2007లోనే తిరుమల వంటి ప్రకటిత ఆరాధనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ రాష్ట్రం చట్టం తెచ్చింది. భక్తుడు తన మొక్కు కోసం వచ్చిన చోట అతణ్ణి ఆపి బోధించడం సబబు కాదన్న అభిప్రాయం అందులో న్యాయమైనదే. అయితే గుడి ఆవరణకు వర్తించే ఈ నియమాన్ని ఊరి వీధికి సాగదీసి, కరపత్రం పంచిన మనిషిపై చేయి చేసుకోవడాన్ని ఏ ధర్మమూ సమర్థించదు. అలాగే ఇంటి గోడకున్న దేవుడి పటాన్ని చూపి అది సైతానని చెప్పే బోధకుడు, అతిథిగా తనకు దక్కిన మర్యాదను తానే పోగొట్టుకుంటున్నాడు. పెద్దవారిలో చాలా మంది ‘మా దేవుళ్లు మాకున్నారండీ’ అని మెత్తగా పంపివేయడంలోని సంస్కారం ఈ రెండు తొందరపాట్ల కంటే మెరుగైనది.

బోధ విని, నమ్మి కూడా బాప్తిస్మం దగ్గర ఆగిపోయేవారి సమస్యకు మూలం మతంలో లేదు, కాగితంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు గాని క్రైస్తవులకు కాదు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారు ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలోకి వస్తారు, దానికి ఒక శాతం రిజర్వేషను మాత్రమే ఉంది. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు సుమారు 1.3 శాతమేనని చెప్పడానికీ, ప్రతి వాడలో ఒక చర్చి కనిపించడానికీ మధ్యనున్న అంతరానికి ఇదొక ముఖ్య కారణం. 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర హైకోర్టు, పాత గుంటూరు జిల్లా ప్రాంతానికి చెందిన ఒక పాస్టరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన కేసులో, మతం మారిన వ్యక్తికి షెడ్యూల్డు కులాల అత్యాచార నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. ఊళ్లో అతని కులాన్ని ఎవరూ మరచిపోలేదు. చట్టం మాత్రం మరచిపోయింది. పొద్దుగూకిన తరువాత వాడలో ఒక పాస్టరు చాప మీద కూర్చొని బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటారని అడిగినప్పుడు, ఇంటివారు చెప్పే ‘చూద్దాంలెండి’ అన్న జవాబులో పిల్లల కుల ధ్రువపత్రం, హాస్టలు సీటు, ఇంటి స్థలం పట్టా అన్నీ ఉన్నాయి.