ఆయిలు బోల్టు మర పోతే ఏం చేయాలి?



సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ముంబాయి రహదారికి అటూ ఇటూ వున్న పల్లెల్లో, ఒకే ఇంట్లో ఒకరు సేద్యం చేస్తారు, ఒకరు ఫ్యాక్టరీకి పోతారు. పొద్దున పాల క్యాన్లు కట్టుకొని పోయిన మోటారు సైకిలు మీదనే సాయంత్రం కొడుకు పాశమైలారం రాత్రి షిఫ్టుకు బయలుదేరుతాడు. ఎడ్లకు వేళకు దాణా పెట్టినట్లే ఈ బండికి వేళకు ఆయిలు మార్చాలని అందరికీ తెలుసు. చాలామంది ఇంటి ముందరే మార్చుకుంటున్నారు. మంచిదే. అయితే ఆ పనిలో ఒక చిన్న బోల్టు దగ్గర పెద్ద నష్టం తెచ్చుకుంటున్నారు. ఇవాళ దాని సంగతి చెప్పుకుందాం.

ఇంజను అడుగున ఆయిలు దింపే బోల్టు ఒకటి వుంటుంది. మన చిన్న బండ్లలో చాలావాటికి అది 12 మిల్లీమీటర్ల లావు వుంటుంది. బోల్టు ఉక్కుది. అది కూర్చునే ఇంజను పెట్టె అల్యూమినియంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తక్కినదంతా దానంతట అదే బోధపడుతుంది. ఉక్కూ అల్యూమినియమూ పెనుగులాడితే ఓడేది అల్యూమినియమే. చౌక బోల్టు చెక్కుచెదరదు, ఖరీదైన పెట్టెలోని మరచుట్లు తెగిపోతాయి. మన మెకానిక్కులు దీన్నే ‘చూడీ పోయింది’ అంటారు.

ఎందుకు తెగుతుంది? బలం ఎక్కువై తెగుతుంది. ఆ బలం ఎక్కడ నుంచి వస్తుందో చూడండి. బోల్టు తలకు ఎదురుగా నిలబడి చూస్తే, గడియారం ముళ్లకు ఎదురుగా తిప్పితే వదులవుతుంది, ముళ్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఇది అందరికీ తెలిసినదే. కాని మనం బండి పక్కన కూర్చొని పైనుంచి వంగి చేయి పెడతాం. బోల్టు తల భూమి వైపు వుంటుంది. పైనుంచి చూసేవాడికి దిక్కు తారుమారవుతుంది. ఊడదీస్తున్నాననుకుంటూనే బిగిస్తూ వుంటాడు. రాకపోయేసరికి ‘అబ్బ, ఎంత గట్టిగా వుంది!’ అని పానాకు ఒక పైపు తొడిగి లాగుతాడు. పైపు ఎంత పొడుగైతే బలం అంత పెరుగుతుంది. టక్కుమంటుంది, తరువాత బోల్టు హాయిగా తిరుగుతుంది. ఆ హాయి మంచిది కాదు. కనుక పానా పెట్టకముందే తల కిందికి వంచి, బోల్టును ఎదురుగా చూసి, ఎటు తిప్పాలో నిశ్చయించుకోండి.

రెండవ కారణం బిగింపు. ఆయిలు కారుతుందేమోనన్న భయంతో ప్రతిసారీ ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగిస్తారు. ఆయిలు ఆపేది బిగింపు ఒక్కటే కాదండీ, వాషరు. అల్యూమినియం వాషరో రాగి వాషరో బోల్టు కింద నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగినది రెండవసారి అంత బాగా నలగదు. పాత వాషరునే వేసి బలంతో సరిపెట్టాలనుకుంటే మర పోతుంది. ఈ రకం బోల్టుకు కావలసిన బిగింపు సుమారు 24 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పొడుగున్న పానా చివర పది కిలోల బరువు వేలాడదీసినంత అనుకోండి, అంతే. మీ బండికి ఖచ్చితంగా ఎంత అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది.

సరే, జాగ్రత్త పడ్డా మర పోయింది. బోల్టు బిగియకుండా గిరగిరా తిరుగుతూనే వున్నది. అప్పుడేం చేయాలి?

మొదట చేయి ఆపండి. మరో నాలుగు చుట్లు తిప్పితే పట్టుకుంటుందన్న ఆశ వద్దు, మిగిలిన చుట్లు కూడా పోతాయి. బోల్టు తీసి గుడ్డతో తుడిచి చూడండి. దాని గాళ్లలో వెండి తీగలాంటి రజను చుట్టుకొని వుంటే అది పెట్టెలోని అల్యూమినియమే. బోల్టు చుట్లే మొద్దుబారి, రంధ్రంలోని చుట్లు వాడిగా వున్నట్లయితే మీ అదృష్టం, కొత్త బోల్టు, కొత్త వాషరుతో పోతుంది.

పెట్టెలోనే మర పోతే కొందరు ఒక ఉపాయం చేస్తారు. టేపు చుట్టి, పైన మైనంలా అంటుకునే మందు రాసి, షిఫ్టు తప్పిపోతుందని బయలుదేరుతారు. ఇది మాత్రం చేయకండి. మోటారు సైకిల్లో ఉండేదే సుమారు ఒక లీటరు ఆయిలు. ఇంజనుకూ, గేర్లకూ, క్లచ్చికీ అదే. చాలా చిన్న బండ్లకు ఆయిలు తగ్గిందని చెప్పే దీపం కూడా వుండదు. ఇంజను వేడికీ అదురుకూ ఆ బోల్టు ఊడితే నూనె పడేది వెనుక చక్రం దారిలో. ఇస్నాపూర్, ముత్తంగి దగ్గర లారీల మధ్య రాత్రిపూట వెనుక చక్రం జారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. జారకపోయినా నూనె లేని ఇంజను లోపల పిస్టను పట్టేస్తుంది. ఒక రోజు కూలి పోతే పోయింది. ఆ రోజు తోటివాడి బండి మీదనో, బస్సు మీదనో వెళ్లండి.

బండిని తోసుకొనిగాని, ట్రాలీ ఆటోలో వేసిగాని లేతు పని తెలిసిన చోటికి తీసుకుపోండి. పారిశ్రామిక వాడ పక్కన వున్నందుకు మనకు దక్కిన సౌకర్యం ఇది, అటువంటి పనివాళ్లకు ఇక్కడ కొదువ లేదు. పాడైన రంధ్రాన్ని కొద్దిగా పెద్దది చేసి, టాపుతో కొత్త చుట్లు కోసి, అందులో ఉక్కు తీగతో చేసిన చుట్టను దించుతారు. దీన్ని హెలికాయిలు అంటారు. దాని లోపలి కొలత మునుపటిదే, కనుక పాత కొలత బోల్టే మళ్లీ పడుతుంది. ఇప్పుడు బోల్టుకు తగిలేది ఉక్కు గనుక మునుపటికన్నా గట్టిగానే వుంటుంది. ఇదే సరియైన మరమ్మతు. ‘పెద్ద బోల్టు కొట్టేస్తా’ననేవాడు కూడా వుంటాడు. కొలత చూసి టాపు వేసి చేస్తే ఫరవాలేదు. బలవంతంగా దూర్చితే పెట్టె చీలుతుంది. చీలితే ఇంజను విప్పి అల్యూమినియం వెల్డింగు చేయించవలసి వస్తుంది.

పని జరుగుతున్నంతసేపు మీరు దగ్గరుండి ఒక్కటి అడగండి: రజను లోపలికి పోకుండా టాపుకు గ్రీజు పట్టించారా? పని అయ్యాక కాస్త చౌక ఆయిలు పైనుంచి పోసి, కింద నుంచి వదిలి, లోపల కడగమనండి. ఆ రజను బేరింగులకు ఇసుకతో సమానం.

ఇక దింపిన నల్ల ఆయిలు సంగతి. కొందరు దాన్ని పశువుల పుండ్లకూ గిట్టలకూ రాస్తారు. రాయవద్దు. పశువు నాకుతుంది, అందులో ఇంజను అరుగుదల లోహాలు వుంటాయి. గట్టు పక్కన పారబోయనూ వద్దు. ఒక్క కారులో ఒకసారి దింపిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు చేరిందనీ, పొలాలు పాడయ్యాయనీ ఈ ప్రాంతం వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంత పోరాడిన ఊళ్లలో మన డబ్బా మనమే వాగులో వంచితే ఎవరి మీద ఫిర్యాదు చేస్తాం? మూత వున్న డబ్బాలో పోసి, వాడిన ఆయిలు తీసుకొనే మెకానిక్కు షాపులో ఇవ్వండి. 2024 ఏప్రిల్ నుంచి వాడిన నూనెను మళ్లీ శుద్ధి చేయించే బాధ్యత నూనె తయారుచేసే కంపెనీల మీద కూడా వున్నది.

మరమ్మతయి కొత్త ఆయిలు పోసిన రాత్రి బండిని చదునైన చోట నిలిపి, ఇంజను కింద ఒక పాత కాగితం పరచండి. తెల్లవారి కాగితం పొడిగా వుంటే పాల క్యాన్లు కట్టుకోండి.