రోగిశయ్య చెంత ఇమాముగారు

ఆదోనిలోని షాహీ జామియా మసీదు ఎరుగనివారు మన ప్రాంతమున అరుదు. బిజాపూరు సుల్తానుల పక్షమున ఆదోనిని పాలించిన సిద్ధి మసూద్ ఖాన్ 17వ శతాబ్దమున దానిని కట్టించెను. మసీదు గోడల లోపల ఇమాము చేయు పని అందరికిని తెలిసినదే. గోడల వెలుపల, ఆసుపత్రి మంచము ప్రక్కన ఆయన చేయు పని ఎరిగినవారు మాత్రము కొలదిమంది.

ఇంగ్లండులోని ప్రభుత్వాసుపత్రులలో ఈ పని చేయువారికి చాప్లిన్లని పేరు. ఒకప్పుడు క్రైస్తవ గురువులకే చెందియున్న ఆ పదవిలో నేడు ముస్లిములును, వారిలో స్త్రీలును జీతముపై పనిచేయుచున్నారు. మన దేశమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవంటి చోట్ల చాప్లిన్లు కలరు. ఆదోని, ఎమ్మిగనూరులవంటి పట్టణములలో అట్టి ఉద్యోగము లేదు. పని మాత్రము పేరు లేకయే సాగుచున్నది. రోగిని చూడబోవుటను ముస్లిములు ‘ఇయాదత్’ అందురు. అది వారికి మర్యాద మాత్రమే కాదు, ధర్మము. ఎక్కువసేపు కూర్చుండి రోగిని అలయింపరాదనియు, అతనికి ఆశ కలుగునట్లు మాటలాడవలెననియు అందు నియమము.

వైద్యమును ప్రార్థనయు ఒకే ప్రాంగణమున నుండుట మనకు క్రొత్తగాదు. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదున నిర్మింపించిన దారుల్ షిఫాలో రోగులకు యునానీ చికిత్స జరిగెను, విద్యార్థులకు ఆ శాస్త్రము బోధింపబడెను. దాని ఆవరణలోనే మసీదు నున్నది.

ఇమాము వచ్చెననగా రోగికి అంత్యకాలము సమీపించెనని పలువురు భయపడుదురు. ఆ ఘడియలో ఆయనకు పని లేకపోలేదు. యాసీన్ సూరా చదువుట, రోగి ముఖమును ఖిబ్లావైపునకు, అనగా మనకు పడమటికి, త్రిప్పించుట, బలవంతపెట్టక చెవి సోకునట్లు కలిమా పలుకుట ఆయన చేయును. కాని అంతకు ముందు చేయు పనియే నా కంటికి పెద్దదిగా దోచినది. నేను చూచినదానిని చెప్పెదను.

ఎమ్మిగనూరులో చిరకాలము ఉర్దూ బోధించి విశ్రాంతి గైకొన్న మిత్రుడొకరు కాలిపుండుతో ఆదోనిలోని ఒక ఆసుపత్రిలో చేరిరి. మధుమేహము ముదిరియుండెను. అది రమజాను మాసము. ఇన్సులిను సూది వేయించుకొని, ఉదయము వచ్చిన ఇడ్లీలను ప్రక్క మంచముపైనున్న ముసలి రైతు చేతిలో పెట్టి, తాను గుట్టుగా ఉపవాసముండిరి. మధ్యాహ్నమునకు ఒడలెల్ల చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడెను. డాక్టరమ్మ గ్లూకోజు ఎక్కించి, తేరుకొనిన పిదప గట్టిగా మందలించెను. ఆయన నావైపు తిరిగి, “నలభై ఏండ్లుగా ఒక్క రోజా విడువలేదు సారూ. ఇప్పుడు విడిస్తే ఆడ ఏమని జవాబు చెప్పేది?” అనిరి. ఇంతకాలము పాఠములు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు పాఠమేదియు దొరకలేదు.

సాయంకాలము వారి పేట ఇమాముగారు వచ్చిరి. చూచువేళ కాలేదని కావలివాడు ఆయనను చాలసేపు గుమ్మముకడనే నిలిపెనట. వచ్చి కూర్చుండి ముందు పుండు సంగతి, పిమ్మట మనుమని చదువు సంగతి అడిగిరి. ఉపవాసము మాట చివరకు వచ్చెను. “మాస్టర్ సాబ్, సెలవుచీటీ తెచ్చిన పిల్లోన్ని మీరెప్పుడన్నా బెంచీ ఎక్కించినారా? రోగికి సెలవిచ్చింది డాక్టరమ్మ కాదు, అల్లా. ఆయనిచ్చిన సెలవు మీరు వద్దంటే ఎట్ల?” అనిరి. స్వస్థత చిక్కినచో విడిచిన దినములను తరువాత తీర్చుకొనవచ్చుననియు, నయముగాని రోగమైనచో దినమునకొక పేదకు అన్నము పెట్టిన చాలుననియు, దానిని ‘ఫిద్యా’ యందురనియు వివరించిరి. కట్టు తడుపవచ్చునా యని నర్సును అడిగి, కూడదన్నమీదట, నీటికి మారుగా శుభ్రమైన మట్టితో ‘తయమ్ముం’ చేసికొనవచ్చుననిరి. లేవలేనివాడు పండుకొనియే తలసైగతో నమాజు చేయవచ్చునట.

డాక్టరమ్మ చెప్పినదియు అదియే గదా? అన్నము తినుమనియే. కాని ఆమె శరీరమునకు జవాబు చెప్పెను, మా మాస్టరుగారు భయపడినది శరీరమునకు గాదు.

లోపములు లేవని నేననను. ధర్మశాస్త్రము చదివిన ఇమాముకు, అపరిచితుడైన రోగి చెంత మౌనముగా కూర్చుండి వినుటను నేర్పినవారు లేరు. స్త్రీల వార్డులోనికి ఆయన స్వేచ్ఛగా పోజాలడు, అచ్చట చదువుకొన్న స్త్రీయే కావలెను. శవపరీక్ష జరుగవలసివచ్చి ఖననము ఆలస్యమైనపుడు, కుటుంబమునకును ఆసుపత్రికిని నడుమ నిలిచి నచ్చజెప్పువాడు కావలెను. 1953 వరకు బళ్లారి జిల్లాలోనుండిన ఈ సీమలో ఒకే వార్డున తెలుగు, కన్నడము, దక్కనీ ఉర్దూ వినవచ్చును. పగలెల్ల బజారులో తెలుగు మాటలాడినవాడే రాత్రి నొప్పికి ఉర్దూలో మూలుగును. అనంతపురమున అధ్యాపకులై యుండిన చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించిరి. ఆ గ్రంథమొకటి వార్డులో నర్సుల బల్లపై నున్న బాగుండునని నాకు తోచును.

ఆ సాయంకాలము మాస్టరుగారు రెండు రొట్టెలు తినిరి. విడిచిన దినములను లెక్క వ్రాసియుంచుమని కుమారునకు చెప్పిరి. ఇమాముగారు లేచుచుండగా ఇడ్లీలు తిన్న ముసలి రైతు, “సాబూ, నా తావ కూడా రోంతసేపు కూకో” అనెను. మగ్రిబ్ నమాజునకు ఇంకను వేళయున్నదని గడియారము చూచుకొని, ఇమాముగారు ముక్కాలిపీటను ఆ మంచమువైపునకు జరుపుకొనిరి.