గూగుల్ ఫొటోస్‌లో కొత్త ఫీచర్లు అదుర్స్.. కానీ డిలీట్ కొట్టే ముందు ఈ తేడా తెలుసా?

ఫోన్‌లో 'స్టోరేజ్ ఫుల్' అని వచ్చింది. ఫొటోలన్నీ ఎలాగూ గూగుల్‌లో బ్యాకప్ అయ్యాయి కదా అనుకుని, గూగుల్ ఫొటోస్ యాప్ తెరిచి నాలుగు వందల ఫొటోలు సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేశారు. ఫోన్ తేలికైంది. మూడు నెలల తర్వాత పాప అన్నప్రాసన ఫొటోలు కావాల్సి వచ్చి వెతికితే ఫోన్‌లో లేవు, క్లౌడ్‌లో లేవు, ట్రాష్ కూడా ఖాళీ. చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటే ఇది.

ఈ యాప్ ఇప్పుడు చిన్నదేం కాదు. 2015 మేలో మొదలైంది. పదేళ్లు నిండిన సందర్భంగా 2025లో గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం నెలకు 150 కోట్ల మందికి పైగా వాడుతున్నారు. ఎడిటింగ్‌లో ఏఐ వచ్చాక రోజుకో కొత్త బటన్ కనిపిస్తోంది. వాటిలో ఏది పనికొస్తుంది? ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

తెలుగులో చెబితే ఎడిట్ చేసేస్తుంది

చార్మినార్ ముందు నిలబడి ఫొటో దిగితే వెనకాల కనీసం పాతిక మంది ఉంటారు. వాళ్లను తుడిచేసే టూలే మ్యాజిక్ ఇరేజర్. 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో వచ్చింది. చాలాకాలం పిక్సెల్ ఫోన్లు ఉన్నవాళ్లకు, డబ్బు కట్టే గూగుల్ వన్ చందాదారులకే పరిమితమైంది. 2024 మే 15 నుంచి మ్యాజిక్ ఇరేజర్, మసక ఫొటోను సరిచేసే ఫొటో అన్‌బ్లర్, మ్యాజిక్ ఎడిటర్.. ఈ మూడూ మామూలు ఫోన్లకు కూడా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. మ్యాజిక్ ఎడిటర్‌కు మాత్రం నెలకు 10 ఫొటోలే సేవ్ చేసుకునేలా అప్పట్లో పరిమితి పెట్టారు.

ఆ తర్వాత వచ్చిందే అసలు మార్పు. ఏ టూల్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. ఎడిట్‌లోకి వెళ్లి 'వెనకాల ఉన్న బైక్ తీసెయ్', 'వెలుతురు పెంచు' అని టైప్ చేస్తే లేదా నోటితో చెబితే చాలు. 2025 ఆగస్టులో అమెరికాలో పిక్సెల్ 10 ఫోన్లతో మొదలైన ఈ ఫీచర్ 2026 జనవరిలో భారత్‌కు వచ్చింది. తెలుగు, హిందీ, తమిళం లాంటి మన భాషల్లోనూ పనిచేస్తుంది. ఎడిటింగ్ యాప్ అంటేనే భయపడే పెద్దవాళ్లకు ఇది నిజంగా మేలు.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. మనిషిని తుడిచేసినప్పుడు ఆ మనిషి వెనకాల ఏముందో ఫోన్‌కు తెలియదు. చుట్టూ ఉన్న గోడను, నేలను చూసి ఇలా ఉండొచ్చు అని ఊహించి నింపుతుంది. మసక ముఖాన్ని సరిచేసినా అంతే. సెల్ఫీకి పర్వాలేదు. ప్రమాదం జరిగిన చోటు, పొలం గట్టు, ఇంటి హద్దు గోడ.. ఇలా రేపు రుజువుగా చూపించాల్సిన ఫొటోల జోలికి మాత్రం వెళ్లొద్దు. మ్యాజిక్ ఎడిటర్‌తో మార్చిన ఫొటోలకు ఆ సంగతి ఫొటో వివరాల్లోనే కనిపించేలా 2024 అక్టోబరు నుంచి ఏర్పాటు చేశారు. ఎడిట్ చేశాక 'సేవ్ యాజ్ కాపీ' కొడితే ఒరిజినల్ పక్కనే భద్రంగా ఉంటుంది.

వేల ఫొటోల్లో కావాల్సింది ఎలా దొరుకుతుంది?

పెళ్లిలో ఒకే ఫోజుకు పదిహేను క్లిక్కులు కొడతాం. అవన్నీ గ్యాలరీ నిండా పరుచుకుంటాయి. 2023 నవంబరులో వచ్చిన 'స్టాక్స్' ఫీచర్ వాటిని ఒక కట్టగా కట్టి, బాగా వచ్చిన ఫొటోను పైన పెడుతుంది. దాని ఎంపిక నచ్చకపోతే మీరే మార్చుకోవచ్చు. అప్పుడే స్క్రీన్‌షాట్లు, బిల్లులు, డాక్యుమెంట్ల ఫొటోలను విడివిడిగా సర్దే సదుపాయం కూడా వచ్చింది. కావాలంటే 30 రోజుల తర్వాత అవి వాటంతట అవే ఆర్కైవ్‌లోకి వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఆర్కైవ్ అంటే డిలీట్ కాదు, మెయిన్ గ్యాలరీలో కనిపించకుండా పక్కన పెట్టడం, అంతే. వెతికితే దొరుకుతాయి.

ముఖాలను గుర్తుపట్టి ఎవరి ఫొటోలు వాళ్లకు గుంపుగా చేయడం పాత సంగతే. కొత్తగా 2025లో ఆల్బమ్‌ను క్యూఆర్ కోడ్‌తో షేర్ చేసే వీలు ఇచ్చారు. పెళ్లి మండపం గుమ్మం దగ్గర ఆ కోడ్ అతికిస్తే చాలు, వచ్చిన బంధువులంతా తాము తీసిన ఫొటోలు ఒకేచోట వేయొచ్చు. కాకపోతే ఆ కోడ్ ఫొటో తీసుకుని ఎవరికి పంపినా వాళ్లూ ఆల్బమ్ చూడగలరు. ఫంక్షన్ అయ్యాక షేరింగ్ ఆపేయడం మంచిది.

మరో చిన్న సెట్టింగ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 'మెమరీస్' పేరుతో యాప్ పాత ఫొటోలను తనంతట తానే ముందుకు తెస్తుంటుంది. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పొద్దున్నే వాళ్ల నవ్వు ముఖం స్క్రీన్ మీద ప్రత్యక్షమైతే తట్టుకోవడం కష్టం. సెట్టింగ్స్‌లో ఆ మనిషిని గానీ, ఆ తేదీలను గానీ మెమరీస్‌లో రాకుండా దాచేయొచ్చు. ఫొటోలు ఎక్కడికీ పోవు. మనసు కుదుటపడ్డాక మళ్లీ మార్చుకోవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే

మొదట చెప్పుకున్న అన్నప్రాసన ఫొటోల దగ్గరికి వద్దాం. బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫొటోస్‌లో కనిపించే ఫొటో ఫోన్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి అని రెండుగా ఉన్నా, యాప్ లెక్కలో అది ఒక్కటే. మామూలు డిలీట్ కొడితే రెండు చోట్లా పోతుంది. అదే అకౌంట్ వాడుతున్న ట్యాబ్‌లోనూ మాయమవుతుంది. బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు, బ్యాకప్ కానిది 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఆలోగా వెనక్కి తెచ్చుకోవచ్చు, గడువు దాటితే లేదు.

ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలంటే వేరే దారి ఉంది. పైన మీ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి 'ఫ్రీ అప్ స్పేస్' ఎంచుకోవాలి. ఇది బ్యాకప్ పూర్తయిన ఫొటోలనే ఫోన్‌లోంచి తీసేస్తుంది, క్లౌడ్‌లో ముట్టుకోదు. ఒకటి రెండు ఫొటోలకైతే 'డిలీట్ ఫ్రమ్ డివైస్' ఉంది.

కొందరికి ఇబ్బంది దీనికి రివర్స్‌లో ఉంటుంది. ఫోన్‌లో జాగా ఉంది, గూగుల్ అకౌంటే నిండిపోయింది. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ దాన్నే పంచుకోవాలి. 2021 జూన్ 1కి ముందు 'హై క్వాలిటీ'లో బ్యాకప్ చేసిన ఫొటోలకు లెక్కే ఉండేది కాదు, ఇప్పుడు కొత్తగా బ్యాకప్ చేసేవి అవి కూడా లెక్కే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఈ 15 జీబీలోనే పడుతోంది. నిండిపోతే కొత్త ఫొటోలు బ్యాకప్ కావు, మెయిళ్లు కూడా ఆగిపోతాయి. ఉద్యోగం కాల్ లెటర్ కోసం చూస్తున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

క్లౌడ్‌లో తీసేసి ఫోన్‌లో ఉంచుకోవడానికి ఒకప్పుడు నానా తంటాలు పడాల్సి వచ్చేది. బ్యాకప్ సెట్టింగ్స్‌లో 'అన్‌డూ బ్యాకప్ ఫర్ దిస్ డివైస్' వచ్చాక ఆ బాధ తప్పింది. ఇది నొక్కితే ఆ ఫోన్‌లో ఉన్న ఫొటోలు ఫోన్‌లోనే ఉంటాయి, క్లౌడ్ కాపీలు మాత్రం పోతాయి. బ్యాకప్ కూడా ఆగిపోతుంది. అంటే ఆ తర్వాత ఫోన్ పోతే ఫొటోలూ పోయినట్టే. ముందుగా కంప్యూటర్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఒక కాపీ వేసుకున్నాకే ఆ బటన్ ముట్టుకోవాలి.

అంతదూరం వెళ్లకుండానే 'మేనేజ్ స్టోరేజ్' చూడండి. పెద్ద వీడియోలు, మసక ఫొటోలు, స్క్రీన్‌షాట్లు విడివిడిగా చూపిస్తుంది. పది నిమిషాల పెళ్లి వీడియో ఒక్కటి తీసేస్తే వచ్చే జాగా, వెయ్యి గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లు ఏరినా రాకపోవచ్చు.

ఈ మూడూ మర్చిపోవద్దు

కెమెరాతో తీసినవి తప్ప వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు మామూలుగా బ్యాకప్ కావు. ఆ ఫోల్డర్‌ను మీరే ఆన్ చేయాలి. అన్నీ సేఫ్ అనుకుని ఫోన్ రీసెట్ చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

లాక్డ్ ఫోల్డర్‌లో దాచినవాటికి బ్యాకప్ ఆన్ చేయకపోతే, యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసిన మరుక్షణం అవి పోతాయి. ట్రాష్‌లోకి కూడా వెళ్లవు.

ఇక వరుసగా రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత అకౌంట్లను గూగుల్ తొలగించవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. నాన్న పాత ఫోన్ నంబరుతో తెరిచిన జీమెయిల్‌లో ఇంటి ఫొటోలు ఉండిపోయి ఉంటే, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఈ ఆదివారమే కనుక్కుని ఒకసారి లాగిన్ అవ్వండి.