సమీక్షకుడికే పరీక్ష!

సినిమా చూసి హాల్లోంచి బయటికొస్తూ, "ఇవేం డైలాగులండీ బాబూ! నన్ను రాయమంటే ఇంతకంటే బాగా రాసేవాణ్ణి" అనుకోని కుర్రాడు మన తెలుగుదేశంలో ఉంటాడా? సోడా తాగేలోగా కథ మార్చేస్తాం. స్టాండులోంచి బండి తీసేలోగా క్లైమాక్సు తిరగరాసేస్తాం! మరి ఎవరైనా నిజంగానే పిలిచి, "సరే నాయనా, రాయి చూద్దాం" అని కలం చేతికిస్తే?

సరిగ్గా అలాగే ఇరుక్కున్నారు ఒక యువరచయిత. కథలు రాసేవారు, పత్రికలో ఉద్యోగం చేసేవారు, సినిమాలను కడిగేసేవారు. ఆయనే శ్రీ ముళ్ళపూడి వెంకటరమణ!

ధవళేశ్వరం కుర్రాడు

1931 జూన్ 28న గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో పుట్టారు రమణగారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడం కష్టమై కుటుంబం మద్రాసు చేరింది. కొన్నాళ్ళు మద్రాసులో, కొన్నాళ్ళు రాజమండ్రిలో చదివినా, ఎస్సెల్సీ దాటి ముందుకు పోలేదు. పోనిచ్చే పరిస్థితి లేదు. చిన్నా చితకా ఉద్యోగాలు, వాటితోపాటు అప్పులు!

అయితే కథల పిచ్చి మాత్రం ముందే పట్టుకుంది. 1945లో, పద్నాలుగేళ్ళ వయసులో, 'బాల' పత్రికలో 'అమ్మ మాట వినకపోతే' అనే తొలి కథ అచ్చయింది. ఆ మద్రాసు బడి రోజుల్లో దొరికిన స్నేహితుడే బాపు. ఇద్దరిలో ఒకరు రాస్తే ఒకరు బొమ్మ వేసేవారు. ఆ జత ఎంత దూరం పోయిందో మీకు చెప్పక్కర్లేదు.

ఒకే కలం, మూడు పనులు

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో మద్రాసు 'ఆంధ్రపత్రిక'లో సబ్ ఎడిటర్‌గా కుదిరారు. అక్కడే విజృంభించారు. 1956లో మొదలైన 'బుడుగు' ఇంటింటి పిల్లాడయిపోయాడు. బామ్మ, బాబాయి, సీగానపెసూనాంబ, రెండుజెళ్ళ సీత... వీళ్ళంతా మన పక్కింటివాళ్ళే! ఇక అప్పుల్లో మునిగిన మనిషి ఏడవకుండా ఏం చేస్తాడు? రమణగారైతే 'ఋణానందలహరి' రాసి, అప్పుల అప్పారావుని పుట్టించారు. అలాగని నవ్వులే కాదండోయ్. 'ఆకలీ ఆనందరావూ', 'కానుక' చదివినవాళ్ళు ఆయన్ని ఉత్త హాస్యరచయిత అనలేరు. రాజకీయ నాయకుల్ని 'రాజకీయ బేతాళ పంచవింశతిక'తో పట్టుకున్నారు.

మరి సినిమావాళ్ళని వదిలేస్తారా! పత్రికలో సమీక్షలు రాసేవారు. అవి చాలక, గురజాడవారి గిరీశాన్ని సినిమాల మీదికి తోలి 'గిరీశం లెక్చర్లు' ఇప్పించారు. 'విక్రమార్కుని మార్కు సింహాసనం' అంటూ చిత్రసీమ పోకడల్ని ఆటపట్టించారు. అరిగిపోయిన కథలు, అతికించిన పాటలు, అవసరం లేని ఏడుపులు... దేన్నీ వదల్లేదు. అలాగని సినిమా అంటే గిట్టని మనిషి కాదు. అక్కినేని జీవితాన్ని 'కథానాయకుని కథ'గా రాసిందీ, 'ఇద్దరు మిత్రులు' (1961) చిత్రాన్ని వెండితెర నవలగా మలిచిందీ ఈ కలమే. ఇష్టమున్న చోటే కదా కోపమూ వచ్చేది!

ఏడిపించండి చూద్దాం!

అప్పుడొచ్చింది అసలు పరీక్ష. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీలు తమిళ 'పాశమలర్' (1961) చిత్రాన్ని తెలుగులో తీస్తూ మాటలు రాసే పని రమణగారికి అప్పజెప్పారు. వి. మధుసూదనరావు దర్శకత్వం. అన్నగా ఎన్.టి.ఆర్., చెల్లెలుగా సావిత్రి. అప్పటికి 'మిస్సమ్మ'లాంటి చిత్రాల్లో జంటగా మెప్పించిన వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళా! దానికి తోడు మాటలేమో బుడుగు రచయితవి! మొదటినుంచి చివరిదాకా కన్నీళ్ళు కారే కథని, జనాన్ని నవ్వించే మనిషి చేతిలో పెట్టారు.

తేడా వస్తే పోయేది ఒక్క సినిమా కాదు. ఇన్నాళ్ళు రాసిన సమీక్షలన్నీ నవ్వులపాలవుతాయి. "ఊళ్ళోవాళ్ళకి వంకలు పెట్టావుగా, నీ సంగతేమిటి?" అని అడగడానికి ఆ వంకలు పడ్డవాళ్ళు ఎంతమందో!

1962లో 'రక్తసంబంధం' విడుదలైంది. హాళ్ళల్లో జేబురుమాళ్ళు తడిశాయి. ఆ అన్నాచెల్లెళ్ళని జనం తమ ఇంటివాళ్ళే అనుకున్నారు. సమీక్షకుడు పరీక్ష పాసయ్యాడు!

ఎలా పాసయ్యాడంటారా? నాకు తోచింది చెబుతాను. ఆకలి తెలిసినవాడికి ఏడుపు ఒకరు నేర్పక్కర్లేదు. ఇంట్లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో బుడుగు అప్పటికే నేర్పాడు. జాగా చూసుకుని మాట పొదుపుగా వాడటం పత్రిక నేర్పింది. ఇక ఏ ఏడుపుకి జనం నవ్వుతారో, దేనికి నిజంగా కరిగిపోతారో, సమీక్షకుడిగా హాల్లో కూర్చుని చూసినవే! అంటే మూడు పనులూ వేరు వేరు కాదన్నమాట. కథలో, వార్తలో, సమీక్షలో ఆయన చూసింది మనుషుల్నే.

సాక్షి

తరవాతి కథ మీకు తెలిసిందే. 1964లో 'మూగమనసులు', 'దాగుడుమూతలు'. 1967లో బాపు దర్శకుడిగా తొలి చిత్రం 'సాక్షి'. స్టూడియో సెట్టింగులు వదిలి గోదావరి సీమలో పులిదిండి పల్లెకి వెళ్ళి తీశారు. హత్యని కళ్ళారా చూసి, భయపడుతూనే నిజం చెప్పిన ఒక మామూలు బల్లకట్టువాడి కథ. సమీక్షకుడు చేసేదీ ఆ పనేగా! 1975లో 'ముత్యాలముగ్గు' వచ్చాక రావుగోపాలరావు కంట్రాక్టరు మాటల్ని జనం రికార్డులు పెట్టుకుని మరీ విన్నారు.

2011 ఫిబ్రవరి 24న రమణగారు కన్నుమూశారు. ఆయన మాటలు రాసిన 'శ్రీరామరాజ్యం' అదే ఏడు నవంబరులో తెరకెక్కింది.

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సినిమాని తిట్టడం తప్పు కాదు. కానీ హాల్లో మీకు ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ కన్ను చెమ్మగిల్లిందో ఇంటికొచ్చి నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టండి. రేపు ఎవరైనా "సరే నాయనా, రాయి చూద్దాం" అంటే ఆ కాగితాలే పనికొస్తాయి!