పొగ రంగు చూడండి... ఇంజను జబ్బు తెలుస్తుంది!

మిక్సీ తిరగకపోతే ముందు ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూస్తాం. గ్యాసు మంట పచ్చగా వస్తే బర్నరు తీసి శుభ్రం చేస్తాం. అదే ఇంట్లో పాత మోటార్ సైకిలు మొరాయిస్తే మాత్రం "అది మగవాళ్ల వ్యవహారంలే" అని పక్కకు తప్పుకుంటాం. కానీ ఆ రిపేరు డబ్బు పోయేది మన పోపుల డబ్బాలోంచే కదండీ!

మా నెల్లూరు సముద్ర తీరంలో మైపాడు, కృష్ణపట్నం వైపు ఊళ్లలో చాలా ఇళ్లకు పాత బండే అన్నం పెడుతోంది. తెల్లారకముందే రొయ్యల గుంటల దగ్గరికి పోవాలన్నా, చేపల బుట్ట మార్కెట్టుకు చేర్చాలన్నా అదే ఆధారం. 1985లో వచ్చిన హీరో హోండా సిడి 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బళ్లు ఇప్పటికీ ఓపిగ్గా తిరుగుతున్నాయి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త బళ్లలో దాదాపు అన్నింటికీ పెట్రోలును కంప్యూటరు కొలిచి పంపుతుంది. పాతవాటికి కార్బురేటరే. అందువల్ల వాటి జబ్బును చాలావరకు మన కళ్లతో, చెవులతో పసిగట్టవచ్చు.

ఇంజను నడవాలంటే మూడే మూడు కావాలి. గాలితో సరిగ్గా కలిసిన పెట్రోలు, దాన్ని అంటించే నిప్పురవ్వ, లోపల గట్టి ఒత్తిడి. ఏ జబ్బయినా ఈ మూడింటిలో ఏదో ఒకటి తక్కువైనందువల్లే.

స్టార్టు కాకపోతే...

ముందు పెట్రోలు ఉందా, ట్యాంకు కింది కాక్ తిప్పి ఉందా చూడండి. బండి కొంత దూరం పోయి ఆగిపోతూ, ట్యాంకు మూత తీయగానే మళ్లీ స్టార్టవుతుంటే మూతకున్న సన్నటి గాలి రంధ్రం పూడిపోయి ఉండొచ్చు.

అదీ కాకపోతే పదిసార్లు కిక్కు కొట్టించి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్పార్క్ ప్లగ్గు విప్పించండి. ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పురవ్వ రావడం లేదని అనుమానించాలి. పొడిగా ఉంటే పెట్రోలే అందడం లేదు. కిక్కరు ఏమాత్రం పట్టు లేకుండా జారిపోతుంటే ఒత్తిడి తగ్గిందన్నమాట.

ప్లగ్గు కొన రంగు కూడా చూడండి. లేత ఇటుక రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నల్లగా జిడ్డుగా ఉంటే లోపల ఆయిలు కాలుతోంది. తెల్లగా బూడిద రంగులో ఉంటే పెట్రోలు చాలక ఇంజను అతిగా వేడెక్కుతోంది.

పొగ చెప్పే కబురు

చలి ఉదయాన స్టార్టు చేయగానే కాస్త తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే భయం లేదు. నల్ల పొగ వస్తుంటే గాలి ఫిల్టరు మూసుకుపోయిందో, చోక్ లాగి మరిచారో, కార్బురేటరులో తేడా ఉందో చూడాలి. అసలు ఖర్చు నీలి పొగతోనే. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోకు బండిలో పెట్రోలుతోపాటు ఆయిలూ కాలుతుంది కాబట్టి కాస్త నీలి పొగ మామూలే. ఫోర్ స్ట్రోకు బండిలో మాత్రం రాకూడదు. యాక్సిలరేటరు ఇచ్చినప్పుడల్లా నీలి పొగ వస్తుంటే రింగులు, బోరు అరిగి ఉండొచ్చు. స్టార్టు చేయగానే గుప్పుమని వచ్చి తగ్గిపోతుంటే వాల్వు సీళ్లు పాతబడి ఉండొచ్చు.

ఈ తేడా తెలిస్తే ఎంత మేలో మా ఇంట్లోనే చూశాను. రెండేళ్ల కిందట మా బండి మైలేజీ పడిపోయి పొగ మొదలైంది. ఒక మెకానిక్కు చూసి "బోరు పోయుండాదమ్మా, ఇంజను విప్పాల. ఎనిమిది వేలన్నా అవుద్ది" అన్నాడు. ఇంట్లో ఉన్నదల్లా అబ్బాయి హాస్టలు ఫీజుకు దాచిన డబ్బే. మా వారు దిగాలుగా కూర్చున్నారు. సైలెన్సరు మూతికి కాస్త దూరంగా తెల్లగుడ్డ పట్టి చూశాను. అంటుకున్నది పొడి మసి, జిడ్డు లేదు. ప్లగ్గుకూ అదే మసి. గాలి అందని కిరసనాయిలు స్టవ్వు మీద గిన్నె అడుగు ఎట్టా మాడుతుందో మనకు తెలియదా! "ముందు గాలి ఫిల్టరు విప్పి చూపించు నాయనా" అన్నాను. దాని నిండా దుమ్మూ ఇసుకే. కొత్తది వేసి కార్బురేటరు కడిగితే 400 రూపాయల్లో పని అయిపోయింది. ఫీజు డబ్బు ఫీజుకే పోయింది.

ఒకవేళ నిజంగా ఒత్తిడి తగ్గిందంటే, ప్లగ్గు రంధ్రంలో ఒక టీస్పూను ఇంజనాయిలు పోసి మళ్లీ చూడమని మెకానిక్కును అడగండి. అప్పుడు కిక్కరు గట్టిబడితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు. తేడా రాకపోతే వాల్వులను అనుమానించాలి.

ఉప్పు గాలి, వానలు

సముద్రపు గాలికి వైర్ల కొసల్లో చిలుము పడుతుంది. ప్లగ్గు క్యాపు, ఫ్యూజు, బ్యాటరీ కొసలను నెలకోసారి పొడిగుడ్డతో తుడిపించండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. వానకు తడిసి బండి ఆగితే ముందు చూడాల్సింది ప్లగ్గు క్యాపులో నీళ్లు చేరాయా అనే.

ఇంకొకటి. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు కూడా పాడవుతాయి. అందుకని తరచూ నడపండి, పైపులు పగిలాయేమో చూస్తుండండి.

ఈ చప్పుళ్లు వింటే...

ఇంజను పైభాగంలో టిక్‌టిక్‌మంటే ట్యాపెట్లు సరిచేయించాలి. చిన్న పనే. కింది నుంచి డొక్కుడొక్కుమని కొడితే బండిని అక్కడే ఆపేయమనండి. ఆ చప్పుడుతో నడిపితే ఇంజను మొత్తం పాడవుతుంది.

బండి దగ్గర అగ్గిపుల్ల, దీపం వద్దు. తలుపులు మూసిన గదిలో ఇంజను ఆన్ చేయనివ్వకండి. ఆ పొగలో ప్రాణం తీసే విషవాయువు ఉంటుంది.

పాలవాడి లెక్క రాసుకునే నోటుబుక్కులోనే వెనక రెండు పేజీలు బండికి కేటాయించండి. ఆయిలు ఎప్పుడు మార్చారు, ఏ సామాను వేశారు, ఎంత అయింది అన్నీ తారీఖుతో రాయండి. సామాను మార్చినప్పుడల్లా పాతది ఇంటికి తెమ్మనండి. లెక్క అడిగే ఇల్లాలుందని తెలిస్తే మెకానిక్కూ ఒకటికి రెండుసార్లు చూసి మరీ ఇంజను విప్పుతాడు!