మత్స్య సంతతిపై కాలుష్య ముద్ర

విశాఖ ఓడరేవు ముఖద్వారం వద్ద వేంకటేశ్వర కొండ, దర్గా కొండ, రాస్ హిల్ ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచి ఉన్నవి. వాటి చెంతనున్న ఇరుకు కాలువ గుండానే 1933 నుండి నౌకలు లోపలి రేవుకు చేరుతున్నవి. ఆ రేవు మూడు వైపులా మూసుకొని ఉన్నందున అక్కడ కలిసిన మలినం త్వరగా సముద్రంలోనికి పోదు. చాలవరకు అడుగు బురదలో నిలిచిపోతుంది.

విషం వలన చేప చచ్చి తేలితే అందరికీ కనబడుతుంది. చేపను చంపక, దాని సంతతిని చెరచే విషం కనబడదు. అటువంటివే హార్మోన్లను వంచించే రసాయనాలు. జీవకణమనే గదికి హార్మోను తాళపు చెవి అనుకొంటే, ఇవి మారు తాళపు చెవులు.

మనకు ప్రీతిపాత్రమైన పండుగప్పనే చూడండి. అది సాధారణంగా మగదిగా పెరిగి, కొన్నేండ్లకు ఆడదిగా మారుతుంది. అయినను దాని జన్యువులలో ఒక్క అక్షరమైనా మారదు. ఏ జన్యువు పలకవలెనో, ఏది మౌనం వహించవలెనో నిర్ణయించడంలో మిథైల్ ముద్రలు పాలుపంచుకొంటవి. ఈ విధమైన నియంత్రణను అధ్యయనం చేసేదే ఎపిజెనెటిక్స్. ఆ పేరును 1942లో వాడింగ్టన్ ప్రతిపాదించెను. ప్రకృతి ఇంత నేర్పుతో నడిపే ఈ యంత్రాంగంలో కాలుష్యం చేయి పెడితే ఏమగును?

2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో మెడకా చేపల పిండాలను మొదటి ఏడు దినములు ప్లాస్టిక్ సంబంధమైన బిస్ఫినాల్-ఎ కు గాని, గర్భనిరోధక మాత్రలలోని కృత్రిమ ఈస్ట్రోజనుకు గాని గురి చేసిరి. ఆ చేపలలోను, వాటి పిల్లలలోను లోపమేమియు కానరాలేదు. కాని మనుమల తరంలో అండ ఫలదీకరణం 30 శాతం తగ్గెను. ఆ తరువాతి తరంలో పిండాల మనుగడ 20 శాతం తగ్గెను. ఈ తరాలు ఆ రసాయనాన్ని ఎన్నడూ తాకినవి కావు! తాత త్రాగిన విషం మనుమని కడుపులో పండినదన్న మాట.

మన రేవుకు సన్నిహితమైన ఉదాహరణ ట్రైబ్యుటైల్ టిన్. నౌకల అడుగున నత్తలు, గుల్లలు అంటకుండ పూసే రంగులలో దీనిని ప్రపంచమంతటా విరివిగా వాడిరి. దీని వలన ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచినవి. ప్రయోగశాలలో జీబ్రా చేపలలో మగవాటి పాలు పెరిగినది. దీనిని నిషేధించిన అంతర్జాతీయ ఒడంబడిక 2008 సెప్టెంబరు 17న అమలులోనికి వచ్చినది. కాని రేవుల బురదలో చేరిన ఈ పదార్థం ఏండ్ల తరబడి నశించదు. పూడిక తీసినప్పుడల్లా మరల నీటిలో కలువగలదు.

ప్రయోగశాలలో జరిగినదెల్లా విశాఖ తీరాన జరిగినదని తీర్మానించరాదు. అయితే చచ్చిన చేపలను లెక్కించి, తక్కినవి క్షేమమని తృప్తి పడుటయు తగదు. బురదను పరీక్షించవలెను, మగ చేపల రక్తంలో అండపీత మాంసకృత్తు ఉన్నదేమో చూడవలెను. జంతుశాస్త్ర, రసాయనశాస్త్ర విద్యార్థులు చేయి కలుపదగిన పని ఇది. నేటి వలలో చేప పడినంత మాత్రాన రేపటి వల నిండునని భరోసా లేదు. వేటయే జీవనాధారమైన మన మత్స్యకార కుటుంబాలకు ఆ రేపే సర్వస్వం.